మామయ్య జాబు: పాత కూర్పా, కొత్త కూర్పా?

చిరంజీవులారా,

ఈ నెల వచ్చిన మీ ఉత్తరాల కట్టలో ఒక ఉత్తరం నన్ను రెండు రోజులు కూర్చోబెట్టి ఆలోచింపజేసింది. అది మంత్రాలయం దగ్గర, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక పల్లెటూరి బడినుంచి వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలు ఏడుగురు కలిసి రాశారు. ఒక్కొక్క పేరా ఒక్కొక్కరి చేతిరాత. చివర ఏడు సంతకాలూ ఒకే వరసలో ఉన్నాయి.

సంగతి ఏమిటంటే, వాళ్ళలో ఒక అమ్మాయిది కుమ్మరి ఇల్లు. వాళ్ళ తాత ఇప్పటికీ సారె తిప్పుతాడు. ఎండాకాలంలో నీళ్ళ కుండలూ, కూజాలూ అమ్ముడుపోతాయి. కార్తీకమాసంలో ప్రమిదలు పోతాయి. తక్కిన నెలల్లో తాతకు చేతినిండా పని ఉండదు. “మంత్రాలయానికి రోజూ ఎంతోమంది యాత్రికులు వస్తారు గదా! మన మట్టిపాత్రలకు కూడా పింగాణీ జాడీలకున్నట్టు మెరుపు పూత పూస్తే, వాళ్ళు అన్ని కాలాల్లోనూ కొంటారు” అని ఆ అమ్మాయికి తోచింది. ఈ మాట వాళ్ళ అయ్యవారికి నచ్చింది. బడిలో ఉన్న పుస్తకాల బీరువాకు కుండల పని మీద మంచి పుస్తకం ఒకటి కొందామన్నారు. పిల్లలు ప్రమిదలకు రంగులు వేసి, దీపావళికి అమ్మి, కొంత డబ్బు కూడబెట్టారు.

అయ్యవారు పనిమీద హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆదివారంనాడు ఆబిడ్సులో రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల మధ్య వెతికారు. ఒకటి దొరికింది. దాని పేరు ‘ది పాటర్స్ డిక్షనరీ ఆఫ్ మెటీరియల్స్ అండ్ టెక్నిక్స్’. కుమ్మరికి కావలసిన మట్లు, రాళ్ళు, పూతలు, పనిలోని మెలకువలు అన్నీ అకారాది క్రమంలో చెప్పే ఇంగ్లీషు నిఘంటువు అన్నమాట. రాసినవారు ఫ్రాంక్ హేమర్, జానెట్ హేమర్ అనే దంపతులు. దొరికినది 1975 నాటి మొదటి కూర్పు. అదే పుస్తకానికి ఆరో కూర్పు 2015లో వచ్చింది. కాని కొత్తది తెప్పించుకోవాలంటే పాతదానికి అయిదింతలు డబ్బు కావాలట. అయ్యవారు అంగడివాడితో, “ఇది పక్కన పెట్టి ఉంచు, పిల్లలను అడిగి చెబుతాను” అని వచ్చేశారు.

“మామయ్యా! పాతది కొంటే మిగిలిన డబ్బుతో ఇంకో నాలుగు కథల పుస్తకాలు వస్తాయి. కొత్తది కొంటే మా దగ్గర పైసా మిగలదు. ఏది కొనమంటారు? తాత మాత్రం, ‘పుస్తకం సూసి కుండ చేస్తే నీళ్ళు నిలుస్తాయా పాపా?’ అని నవ్వుతున్నాడు.” ఇదీ ఉత్తరం.

జవాబు చెప్పేముందు నా తెలివితక్కువతనం ఒకటి మీకు చెబుతాను. నేను కాలేజీలో చదివే రోజుల్లో రైళ్ళ వేళల పుస్తకం ఒకటి సగం ధరకు కొన్నాను. అది ముందటేటి పుస్తకం. “అవే పట్టాలు, అవే రైళ్ళు, ఏడాదిలో ఏం మారిపోతుంది?” అనుకున్నాను. ఒకనాడు గుంతకల్లులో దిగి, మంత్రాలయం వైపు పోయే బండి ఎప్పుడా అని ఆ పుస్తకంలో చూసుకుని, తీరిగ్గా భోజనం చేసి స్టేషనుకు వచ్చాను. బండి వెళ్ళిపోయి ముప్పావుగంట అయింది! ఆ రాత్రంతా బెంచీమీద పడుకున్నాను. ఆ పుస్తకమే నా తలగడ.

నిద్రపట్టక దాన్నే తిరగేశాను. ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్డు, ఆ తరవాత తుంగభద్ర దాటి రాయచూరు — స్టేషన్ల వరస సరిగానే ఉన్నది. ఏ ఊరికి ఎంత దూరమో అదీ సరిగానే ఉన్నది. తప్పయినవి వేళలు మాత్రమే. అప్పుడు నాకు తెలిసింది: పాత పుస్తకం అంతా తప్పు కాదు, అంతా ఒప్పూ కాదు. దానిలో దూరాలవంటి సంగతులు కొన్ని ఉంటాయి, వేళలవంటి సంగతులు కొన్ని ఉంటాయి. మనకు కావలసింది వాటిలో ఏదో ముందుగా తెలుసుకోవాలి.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. ముద్రణ వేరు, కూర్పు వేరు. అవే పేజీలను మళ్ళీ అచ్చు వేస్తే అది కొత్త ముద్రణ. రాసినవారో, పండితులో కూర్చుని, తప్పులు దిద్ది, కొత్త సంగతులు చేర్చి, పనికిరానివి తీసివేస్తే అది కొత్త కూర్పు. అట్ట మెరుస్తున్నంత మాత్రాన కూర్పు కొత్తది కాదు.

దీనికి ఉదాహరణ మన సీమలోనే ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. ఆయన తయారుచేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఆయన 1884లో చనిపోయాడు. 1903లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదలైనవారు దాన్ని సవరించి రెండో కూర్పు తెచ్చారు. ఆ పేజీలనే తరవాత ఎన్నోసార్లు అచ్చు వేశారు. కనుక ఈ మధ్యనే అచ్చయిన తెల్లని కాగితాల బ్రౌన్ నిఘంటువు మీ చేతికి వచ్చినా, లోపల ఉన్నది 1903 నాటి మాటే కావచ్చు. పేరున్న పేజీ తిప్పి దాని వెనకవైపు చూడండి. ఏ కూర్పు, ఏ ముద్రణ, ఏ సంవత్సరం అన్నవి సాధారణంగా అక్కడ ఉంటాయి. ఆ తరవాత పీఠిక చదవండి. మంచి గ్రంథకర్త, “ఈ కూర్పులో ఫలానావి మార్చాను” అని తానే చెబుతాడు.

సరే, ఇక కుండల దగ్గరకు వద్దాం. కుండల పనిలో ‘దూరాలు’ ఏవి? ‘వేళలు’ ఏవి?

పచ్చికుండ నీళ్ళలో వేస్తే కరిగి మళ్ళీ మట్టి అవుతుంది. కాల్చిన కుండ కరగదు. ఎందుకు? మట్టి తొక్కేటప్పుడు మనం పోసిన నీరు నీడలో ఆరబెడితేనే పోతుంది. కాని మట్టి రేణువుల్లోనే ఇమిడిపోయిన నీరు మరొకటి ఉన్నది. అది పోవాలంటే సుమారు 500 నుంచి 600 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కావాలి. అది పోయిన తరవాత మట్టి మరి మట్టి కాదు. ఇది మారని సంగతి. మట్టిలో ఉన్న ఇసకరాయి 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కొంచెం ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర మళ్ళీ కుంచించుకుపోతుంది. అందుకే తొందరపడి ఆము విప్పితే కుండలు టప్పుమని పగులుతాయి. మీ తాతకు 573 అనే అంకె తెలియకపోవచ్చు. కాని ఆము పూర్తిగా చల్లారేదాకా ఆయన దాని జోలికి పోడు, చూశారా? కుండలో నీళ్ళు చల్లబడటం కూడా ఇటువంటిదే. కుండకున్న సన్నని రంధ్రాలగుండా నీరు బయటికి ఊరి, ఆవిరైపోతూ, లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. ఇవన్నీ 1975లో ఎట్లా ఉన్నాయో ఇప్పుడూ అట్లాగే ఉన్నాయి. వీటికోసమైతే పాత కూర్పు చాలు.

ఇప్పుడు మారేవి చూద్దాం. మొదటిది సరుకు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊరి దగ్గర ఒక మట్టి దొరికేది. దాన్ని నీళ్ళలో కలిపి పాత్రకు పూసి బాగా కాల్చితే, మరేమీ చేర్చకుండానే కరిగి, గోధుమరంగు గాజుపూత అయ్యేది. అక్కడి కుమ్మరులు దాన్ని ఎంతో వాడారు. పాత పుస్తకాలలో పూతల పాళ్ళు చెప్పేచోట దాని పేరు కనిపిస్తుంది. 1980ల్లో దాన్ని తవ్వి అమ్మడం ఆగిపోయింది. పాత కూర్పును నమ్మి ఆ మట్టికోసం వెతికితే, నేను వెళ్ళిపోయిన రైలుకోసం ఎదురుచూసినట్టే ఉంటుంది.

రెండోది దీనికంటే ముఖ్యమైనది. పెద్దలు కూడా ఈ భాగం చదవాలని కోరుతున్నాను.

మెరుపు పూత అంటే ఏమిటి? పాత్రమీద పరచిన పలచని గాజు. గాజుకు మూలం ఇసకరాయి. అది ఒంటరిగా కరగాలంటే సుమారు 1700 డిగ్రీల వేడి కావాలి. మన పల్లెల్లో పుల్లలూ, చెత్తా వేసి కాల్చే ఆములలో 700 నుంచి 900 డిగ్రీల దాకా వేడి రావచ్చు. మరి పూత కరగడం ఎట్లా? ఇసకరాయిని తక్కువ వేడికి కరిగించే సరుకు ఏదైనా కలపాలి. అటువంటి సరుకుల్లో చాలా సులువైనది సీసం. దేశదేశాల కుమ్మరులు వందల ఏళ్ళు దాన్నే వాడారు. బెర్నార్డ్ లీచ్ అనే పేరుపొందిన కుమ్మరి 1940లో రాసిన పుస్తకంలో కూడా సీసపు పూతలు ఉన్నాయి. ఆ పూత అద్దంలా మెరుస్తుంది, చవక, పల్లెటూరి ఆములోనూ కరుగుతుంది.

కాని సీసం విషం. సరిగా కుదరని సీసపు పూత ఉన్న పాత్రలో పులుపు వేస్తే, ఆ పులుపు సీసాన్ని కొంచెం కొంచెంగా లాగుతుంది. మనం జాడీలో వేసేది ఏమిటి? మామిడికాయ, నిమ్మకాయ, చింతకాయ! అన్నీ పులుపులే. ఊరగాయ ఒకరోజు కాదు, ఏడాదంతా అందులోనే ఊరుతుంది. పెద్దవాళ్ళ కడుపులోకంటే చిన్నపిల్లల కడుపులో సీసం నాలుగైదింతలు ఎక్కువగా ఒంటబడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది మెదడును దెబ్బతీస్తుంది. చదువు వంటబట్టనీయదు. నొప్పి ఉండదు, గాయం కనిపించదు. అందుకే మరీ భయం.

“సీసం విషమని పాత కూర్పు రాసినవాళ్ళకు తెలియదా?” అంటారేమో. తెలుసు. విషమని ఎప్పటినుంచో తెలుసు. ఎంత కొంచెమైనా చెరుపు చేస్తుందన్నది మాత్రం తరవాత తరవాత తెలిసివచ్చింది. ఈ అంకెలు చూడండి. అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యశాఖవారు, పిల్లల రక్తంలో సీసం ఎంత ఉంటే ఎక్కువని ఎంచాలో ఒక హద్దు పెడుతూ వచ్చారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇన్ని మైక్రోగ్రాములు అని లెక్క. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు.

1975లో ఆ హద్దు 30.
1985లో 25.
1991లో 10.
2012లో 5.
2021లో 3.5.

మొదటి గీతకూ చివరి గీతకూ ఎంత తేడా! ఇప్పుడైతే ‘ఇంతవరకు ఫరవాలేదు’ అనదగిన హద్దే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. మీ అయ్యవారికి దొరికిన కూర్పు సరిగ్గా 1975 నాటిది. అది రాసినవారు పొరపాటు చేశారని నేను అనను. ఆనాడు లోకానికి తెలిసినంతవరకే ఏ పుస్తకమైనా చెప్పగలదు. పోయిన రైళ్ళ పుస్తకమూ అబద్ధం చెప్పలేదు. దాని ఏడాదికి అది నిజమే చెప్పింది.

కనుక నా సలహా ఇది. మీ తాత చేసే పూత లేని కుండల సంగతి తెలుసుకోవడానికైతే మొదటి కూర్పు కొనండి అనేవాణ్ణి. మీరు కొనేది మెరుపు పూత కోసం. అందుచేత ఆ చవక పుస్తకం మీకు చవక కాదు. ఆరో కూర్పు కొనండి. డబ్బు చాలకపోతే 2004లో వచ్చిన అయిదో కూర్పు ఎక్కడైనా పాత పుస్తకంగా దొరుకుతుందేమో చూడండి. కర్నూలులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉన్నది. అక్కడ ఒకసారి అడగమని అయ్యవారితో చెప్పండి. ఏదీ కుదరకపోతే ఇంకొక దీపావళిదాకా ఆగండి. కథల పుస్తకాలు ఎక్కడికీ పోవు.

ఆరో కూర్పు వచ్చాక చేయవలసిన మొదటి పని ఒకటున్నది. అది 2015 నాటిది. పైన చెప్పిన చివరి అంకె 2021 నాటిది. కనుక ‘సీసం’ అన్న మాట ఉన్న పేజీ తీసి, పక్కన ఖాళీలో పెన్సిలుతో ఆ అంకె, సంవత్సరం రాయండి. కొత్త కూర్పు కూడా అచ్చయిన నాటినుంచే పాతబడటం మొదలుపెడుతుంది.

ఇంకా రెండు మాటలు. పూతల పొడులు పిల్లలు తాకవద్దు, కలపవద్దు. అది పెద్దల పని. సీసం లేని పూతలు తయారుగా అమ్ముతారు. అవి చాలావరకు 1000 డిగ్రీలు, అంతకుమించిన వేడి కోరతాయి. దానికి వేరే కొలిమి కావాలి. కాబట్టి పుస్తకం కొనగానే జాడీలు మెరుస్తాయని అనుకోకండి. పూత కుదిరినా, పరీక్ష చేయించనిదే ఆ పాత్రలో తినేది ఏదీ పెట్టకండి. ఈలోగా విషం లేని మెరుపు ఒకటి మీ తాతకే తెలిసి ఉంటుంది, అడగండి. కుండ సగం ఆరినప్పుడు నున్నని గులకరాయితో ఓపికగా రుద్దితే, కాలిన తరవాత అదొక చక్కని నిగనిగ. పూలకుండీలకూ, బొమ్మలకూ అది చాలు. యాత్రికులకు అది కూడా నచ్చవచ్చు.

మరి తాత నవ్వు సంగతి? ఆయన నవ్వు ఉత్తినే కాదు. ఆ పుస్తకం బ్రిటన్‌లో పుట్టింది. కర్నూలు సీమ రేగడి దానికి తెలియదు. నల్లరేగడి నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఎండాకాలం చేలల్లో మీ కాలు పట్టేటంత నెరియలు మీరు చూశారు గదా! అందులో ఎంత చెరువుమట్టి కలపాలి, ఎంత ఇసక, ఎంత బూడిద అన్నది తాత చేతికి తెలుసు. అది ఏ కూర్పులోనూ లేదు.

దాన్ని మీరు రాయండి. ఎట్లాగో చెబుతాను. నల్లరేగడి, చెరువుమట్టి, చెరువుమట్టిలో నాలుగోవంతు ఇసక కలిపినది — ఈ మూడింటినీ తడిపి, పిసికి, మూడు పట్టీలు చేయండి. ఒక్కొక్కదాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. వారం రోజులు నీడలో ఆరబెట్టండి. మళ్ళీ గీత కొలవండి. 10 సెంటీమీటర్లు 9.2 అయితే ఆ మట్టి నూటికి 8 వంతులు కుంచించుకుపోయిందన్నమాట. ఏది ఎక్కువ కుంచించుకుపోయింది? ఏది పగిలింది? తాత ఏది మేలంటాడో ముందే అడిగి రాసుకుని, తరవాత సరిచూడండి.

తాత నోట వచ్చే మాటలూ రాయండి. సారె, సలప, ఆము, గురిగి, మూకుడు, బాన, కాగు — ఒక్కొక్కటి ఏమిటో, ఎంత ఉంటుందో, దేనికి వాడతారో. పెద్ద పెద్ద పండితులు కూడా ఇదే పని చేశారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేశారు. సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. పల్లె పల్లెకూ మనుషులను పంపి, రైతుల నోట విన్న వ్యవసాయపు మాటలను అందులో చేర్చారు. 1971లో చేనేత మాటల సంపుటం వచ్చింది. అవేవీ బల్ల దగ్గర కూర్చుని ఊహించి రాసినవి కావు.

మీ నోటుపుస్తకం మొదటి పేజీ మీద ‘మొదటి కూర్పు’ అని రాసి, తేదీ వేయండి. వచ్చే ఏడు ఏడో తరగతినుంచి వచ్చే పిల్లలు దాన్ని దిద్ది ‘రెండో కూర్పు’ చేస్తారు. దాన్ని ఆ ఇంగ్లీషు నిఘంటువు పక్కనే బీరువాలో పెట్టండి. ఒకటి లేనిదే రెండోది చాలదు.

తక్కిన పిల్లలంతా కూడా ఒక పని చేయండి. మీ ఇంట్లో ఉన్న నిఘంటువో, వైద్యం పుస్తకమో, అట్లాసో తీసి, పేరున్న పేజీ వెనక చూడండి. ఏ కూర్పు? ఏ సంవత్సరం? అందులో ‘దూరాలు’ ఏవి, ‘వేళలు’ ఏవి? అట్లాసులో తెలంగాణ రాష్ట్రం లేకపోతే అది 2014కు ముందుదని మీరే చెప్పేయవచ్చు! కనిపెట్టినది నాకు రాయండి.

మంత్రాలయం పిల్లలూ, మూడు పట్టీల కొలతలు వచ్చే నెలకల్లా నాకు అందాలి. తాతకు నా నమస్కారాలు చెప్పండి.

ఆశీస్సులతో,
మీ మామయ్య